ఆదాయం 2, వ్యయం 10

ఈ దేశంలో ఆగస్టు ఆఖర్లో ఆటలు మొదలయ్యేదాకా ఓడిన జట్టంటూ ఉండదు. పెద్ద స్థాయిలో కాలేజీ ఫుట్‌బాల్ ఆడే జట్లు అమెరికాలో 130కి పైనే ఉన్నాయి. అప్పటిదాకా అన్నిటి లెక్కా ఒకటే: గెలిచినవి సున్నా, ఓడినవి సున్నా. పోయినేడు దేశానికే ఛాంపియన్ అయిన జట్టూ, పోయినేడు చివరి మ్యాచ్‌లో 56-3తో చిత్తయిన జట్టూ ఒకే వరసలో, ఒకే సున్నా ముందు పెట్టుకుని కూర్చుంటాయి. ఆ రెండోది మా జట్టు. మమ్మల్ని అలా చిత్తు చేసింది ఆ మొదటి జట్టే కావడం, పైగా అది మా రాష్ట్రంలోనే ఉండటం మాకు అదనపు సౌకర్యం.

మా జట్టంటే పర్డ్యూ విశ్వవిద్యాలయం జట్టు, బాయిలర్‌మేకర్స్. ఇండియానా రాష్ట్రంలో వాబాష్ నదికి అటు వెస్ట్ లఫయెట్, ఇటు లఫయెట్. చదువులు అటు, సంసారాలు ఇటు. ఎమ్మెస్ చదవడానికి అటు దిగి, ఉద్యోగం, పెళ్లి అయ్యాక వంతెన దాటి ఇటు వచ్చిన తెలుగువాళ్లలో నేనొకణ్ణి. మన ఇళ్లలో పర్డ్యూ అనగానే గుర్తొచ్చేది ఇంజినీరింగ్ సీటు. చీరాలలో పుట్టిన బండ్ల శిరీష ఇక్కడే ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చదివి, 2021 జులైలో వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షపు అంచు దాకా వెళ్లొచ్చారు. చంద్రుడి మీద మొదట కాలుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇక్కడ చదివినవాడే. అక్కడ ఇప్పటిదాకా ఆఖరి అడుగు వేసి వచ్చిన యూజీన్ సెర్నన్ కూడా ఇక్కడివాడే. అంటే చందమామకి తలుపు తీసిందీ, తాళం వేసిందీ మా కాలేజీ వాళ్లే. 3,84,000 కిలోమీటర్ల దూరం వెళ్లి రాగల మనుషుల్ని తయారుచేసిన ఈ విద్యాలయంలో, బంతిని పది గజాలు ముందుకి తీసుకెళ్లడం మాత్రం ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

ఆట తెలియనివాళ్లకి ఆ పది గజాల సంగతి చెప్పాలి. బంతి చేతికొచ్చిన జట్టుకి నాలుగు అవకాశాలిస్తారు. నాలుగింటిలో పది గజాలు వెళితే మళ్లీ నాలుగిస్తారు. మూడింటిలో పని కాలేదనుకోండి, నాలుగోసారి బంతిని వీలైనంత దూరం తన్ని అవతలివాళ్లకి అప్పగించేస్తారు. బలమైన జట్లలో ఈ తన్నే కుర్రాడు బెంచీ మీద గోళ్లు కొరుక్కుంటూ ఉంటాడు. మా జట్టులో తీరిక లేని మనిషి అతనొక్కడే.

ఇదంతా జరిగే స్టేడియం పేరు రాస్-ఏడ్. 1924లో తెరిచారు. స్థలం కొని ఇచ్చిన ఇద్దరిలో డేవిడ్ రాస్ ఇంజినీరు, పారిశ్రామికవేత్త. జార్జ్ ఏడ్ ఆ రోజుల్లో దేశమంతా చదివిన హాస్యరచయిత. ఒక ఇంజినీరూ ఒక హాస్యరచయితా కలిసి ఇచ్చిన నేల మీద ఏం జరుగుతుందో వేరే చెప్పాలా? డిగ్రీ చూస్తే నేను రాస్ గారి వారసుణ్ణి. శనివారం సాయంత్రాలు చూస్తే ఏడ్ గారి వారసుణ్ణి.

జట్టు పేరు వెనక కూడా ఒక కథ ఉంది. 1891లో పర్డ్యూ కుర్రాళ్లు క్రాఫర్డ్స్‌విల్ అనే ఊరెళ్లి అక్కడి వాబాష్ కాలేజీని 44-0తో ఓడించారు. ఉడికిపోయిన ఆ ఊరి పత్రిక వీళ్లని బాయిలర్లు చేసే మోటు మనుషులని వెక్కిరించింది. వెక్కిరింత వీళ్లకి తెగ నచ్చింది. 130 ఏళ్లు దాటినా దాన్నే ఛాతీ మీద రాసుకు తిరుగుతున్నారు. తిట్టుని బిరుదు చేసుకోగల ఆ ఓర్పు తర్వాతి తరాలకి ఎంత అక్కరకొచ్చిందో మాకు తెలుసు.

ఇక మా ఆశల సంగతి. ఒక సీజన్‌లో మ్యాచ్‌లు 12. అందులో 6 గెలిస్తే ‘బౌల్’ అనే అదనపు మ్యాచ్ ఆడే అర్హత వస్తుంది. ఈ బౌల్స్ డిసెంబరు, జనవరి నెలల్లో దేశమంతటా జరుగుతాయి. ఒకదాని పేరు ఐడహో బంగాళాదుంపల బౌల్. ఇంకొకదాన్ని ఒక మయొనైజ్ కంపెనీ నడుపుతుంది. అందులో గెలిచిన కోచ్ నెత్తిన ఆ మయొనైజే కుమ్మరిస్తారు. పెద్ద జట్ల అభిమానులు ఇలాంటి బౌల్‌కి పిలుపొస్తే పరువు పోయిందని ఏడుస్తారు. మేమైతే మా కోచ్ నెత్తిన ఆ తెల్లటి ముద్ద పడే రోజు కోసం మొక్కని దేవుడు లేడు. మన ఇంటర్‌లో 35 వస్తే పాస్. ఇక్కడ 12కి 6, అంటే సరిగ్గా 50 శాతం తెమ్మంటారు. ఎంత కఠినమైన బోర్డో చూడండి.

ఆ 12లో 9 మ్యాచ్‌లు మా కూటమిలోని జట్లతోనే ఆడాలి. కూటమి పేరు బిగ్ టెన్. జట్లు 18. తెనాలి నుంచి వేసవికి వచ్చిన మా మామగారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన ముందు ఇక్కడే ఆగిపోయారు.

“పది అని పేరు పెట్టి పద్దెనిమిది ఎలా వచ్చాయి బాబూ?”

“మధ్యమధ్యలో వచ్చి చేరాయండీ.”

“మరి తీసేసినవి?”

“ఎవర్నీ తియ్యరండీ. ఎన్ని ఓడినా తియ్యరు.”

“అయితే మీవాళ్లకి భయం లేదన్నమాట,” అని ఆయన కాఫీ అందుకున్నారు. మా జట్టుకి ఈ వేసవిలో అందిన మొదటి ప్రోత్సాహం అదే.

ఎండాకాలంలో మా ఊళ్లో అభిమానులు నాలుగు రకాలుగా కనిపిస్తారు.

మొదటివాడు పెన్సిల్ మనిషి. షెడ్యూలు ముందు పెట్టుకుని టిక్కులు పెడుతుంటాడు. ఆయన పద్ధతి చాలా శాస్త్రీయం. ముందు కాగితం మీద 6 అని రాసుకుంటాడు, తర్వాత ఆ ఆరుగురూ ఎవరా అని వెతుకుతాడు. “ఈ జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ వెళ్లిపోయాడు, ఇది మనదే. ఈ జట్టు మన ఊరొస్తోంది, ఇదీ మనదే. ఈ జట్టు ముందువారమే ఒహాయో స్టేట్‌తో ఆడి నీరసించి ఉంటుంది, కళ్లు మూసుకుని వేసుకోవచ్చు.” ఆ ముందువారం మనం ఎవరితో ఆడి ఉంటామన్నది ఆయన లెక్కలోకి రాదు. అవతలి ఊళ్లలో కూడా ఇలాంటి పెన్సిల్ మనిషి ఒకడుంటాడనీ, అతను మొట్టమొదటి టిక్కు మా పేరు పక్కనే పెడతాడనీ ఈయనకి ఎవరూ చెప్పలేదు.

రెండోవాడు చరిత్ర మనిషి. వర్తమానం గురించి ఏమడిగినా 1967 రోజ్ బౌల్‌తో మొదలుపెడతాడు. సదరన్ కాలిఫోర్నియా మీద 14-13. ఆ తర్వాత లెన్ డాసన్, బాబ్ గ్రీసీ, డ్రూ బ్రీస్. “సూపర్ బౌల్ గెలిచిన క్వార్టర్‌బ్యాక్‌లని ముగ్గుర్ని కన్న నేలయ్యా ఇది!” ఆ మాటలో అబద్ధం లేదు. సూపర్ బౌల్ అంటే కాలేజీ దాటాక ఆడే ప్రొఫెషనల్ జట్ల ఫైనల్ అనీ, ఆ ముగ్గురూ దాన్ని గెలిచింది ఇక్కణ్ణుంచి వెళ్లిపోయాకేననీ చెప్పే చిన్న వివరాన్ని ఆయన ముందు ఎత్తడం మర్యాద కాదు.

మూడోవాడు పోర్టల్ పండితుడు. ఒకప్పుడు కాలేజీ ఆటగాడంటే నాలుగేళ్లు ఒక్క చోట ఉండేవాడు. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అనే జాబితాలో పేరు రాయించుకుని మరో కాలేజీకి మారిపోవచ్చు. 2021 నుంచి తన పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 జులై నుంచి కాలేజీయే నేరుగా ఇవ్వచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి పెట్టిన పరిమితి 20.5 మిలియన్ డాలర్లు. మా కొత్త కోచ్ బ్యారీ ఓడమ్ వచ్చిన ఏడాది 50 మందికి పైగా ఆటగాళ్లు ఇలా బయటి కాలేజీల నుంచి దిగారు. మొదటి మ్యాచ్‌కి వెళితే తెలిసిన మొహం కనపడటమే కష్టమైంది. తెలిసిన మొహాలు అంతకు ముందేడు 11 ఓడాయి కాబట్టి దాన్ని శుభశకునమే అనుకున్నాం. పండితుడికి ప్రతి కుర్రాడి ఎత్తు, బరువు, పరుగు వేగం నోటికి వచ్చు. అంతటి మాణిక్యాన్ని పాత కాలేజీ ఎందుకు వదులుకుందని అడిగితే మాత్రం, “వాళ్లకి చూసే కళ్లు లేవు” అంటాడు. మనకి కళ్లున్నాయన్నమాట.

నాలుగోవాడు వైరాగి. “ఈ ఏడూ ఇంతే. నేను టికెట్లు కొనను. నాకు ఫుట్‌బాల్ లేదు, గిట్‌బాల్ లేదు. నవంబరులో బాస్కెట్‌బాల్ మొదలయ్యాక నన్ను లేపండి.” మా బాస్కెట్‌బాల్ జట్టు మంచి జట్టే. 2024లో జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది. అయినా మొదటి శనివారం చూస్తే ఈ వైరాగి నలుపూ బంగారు రంగూ మొహానికి పూసుకుని అందరికంటే ముందు వరసలో ఉంటాడు. ఓడితే “ముందే చెప్పాగా” అనొచ్చు, గెలిస్తే గంతులెయ్యొచ్చు. నలుగురిలో ఎప్పటికీ నష్టపోనివాడు ఇతనొక్కడే.

నేను ఏ రకమంటే, నెలకో రకం. ఏప్రిల్‌లో వైరాగిని. జూన్‌లో చరిత్రకారుణ్ణి. జులైలో పోర్టల్ పారాయణం. ఆగస్టు రాగానే మా అమ్మాయి పెన్సిల్ డబ్బా మాయమవుతుంది.

“ఓడిపోయే మ్యాచ్ ఇంట్లో టీవీలో చూడొచ్చుగా, అంత డబ్బు పోసి వెళ్లి చూడటం దేనికి?” అని మా ఆవిడ ఏటా అడుగుతుంది. ఇంట్లో చూస్తే పక్కన ఆవిడే ఉంటుంది. స్టేడియంలో అయితే నాలాంటివాళ్లు వేలల్లో ఉంటారు. ఈ జవాబు నేను ఏటా మనసులోనే ఇస్తాను.

గత రెండేళ్ల కథ క్లుప్తంగా చెబుతాను. నిడివిగా చెప్పే శక్తి నాకు లేదు. 2024 సీజన్ మొదటి మ్యాచ్‌లో ఇండియానా స్టేట్ మీద 49-0తో గెలిచాం. తర్వాతి వారం మ్యాచ్ లేదు. అంటే రెండు వారాల పాటు మేం అజేయులం. ఆ రెండు వారాల్లో మా ఊళ్లో ఎవర్ని పలకరించినా నడకలో ఒక ఊపు కనిపించింది. మూడో వారం నోటర్ డేమ్ జట్టు మా ఊరికే వచ్చి 66-7తో ఓడించి వెళ్లింది. ఆ తర్వాత ఆ ఏడు మళ్లీ గెలవలేదు. ఇల్లినాయ్ మీద ఒకటి కాదు రెండు కాదు, 49 పాయింట్లు చేశాం. వాళ్లు 50 చేశారు. ఆఖరున ఇండియానా విశ్వవిద్యాలయం చేతిలో 66-0. మొత్తం 1-11. మర్నాడు కోచ్ ర్యాన్ వాల్టర్స్ ఉద్యోగం పోయింది, ఆ తర్వాతి వారం లాస్ వేగాస్ నుంచి ఓడమ్ గారిని తీసుకొచ్చారు. ఆశ పెట్టుకుని డబ్బు పోగొట్టుకునేవాళ్లని రోజూ చూసిన ఊరి నుంచి రావడం ఆయనకున్న అదనపు అర్హత అని నా అభిప్రాయం.

2025లో బాల్ స్టేట్ మీద 31-0, సదరన్ ఇల్లినాయ్ మీద 34-17. వరసగా రెండు! ముందేడు మొత్తానికి వచ్చినదానికి రెట్టింపు! పెన్సిల్ మనిషి వీధిలో కనిపించి, “ఇంకా పదిలో నాలుగే కదండీ కావలసింది” అన్నాడు. మేం ఆ పదీ ఆడాం. ఆ పదీ ఓడాం.

అయితే ఓటముల్లో కూడా కులీనం, అకులీనం ఉంటాయి. మిన్నెసోటా చేతిలో 27-20. రట్‌గర్స్ చేతిలో 27-24. మిషిగన్ వాళ్ల స్టేడియంలో, లక్ష మంది ముందు 21-16. ఎన్నికల ఫలితాల సాయంత్రం ఓడిన పార్టీ ఆఫీసు మెట్ల మీద నాయకుడు “నైతిక విజయం మాదే” అనడం చిన్నప్పటి నుంచీ విని నవ్వుకున్నవాణ్ణి. మిషిగన్ మ్యాచ్ అయిన సాయంత్రం నేను అదే మాట అదే గొంతుతో అన్నాను. పైగా నమ్మాను కూడా. నార్త్‌వెస్టర్న్ చేతిలో 19-0తో ఓడిన రోజు మాత్రం ఆ నైతికం కూడా దక్కలేదు. డిపాజిట్ పోయింది.

ఈ లెక్కలన్నీ బల్ల మీద పరచుకుని కూర్చున్న ఒక మధ్యాహ్నం మా మామగారు కళ్లద్దాలు సవరించుకుని కాగితం అందుకున్నారు.

“2, పక్కన 10. ఆదాయం 2, వ్యయం 10. ఏ రాశి బాబూ ఇది?”

“రాశి కాదండీ. మా పర్డ్యూ పోయినేటి లెక్క.”

“వ్యయం 10 అని ఎవరూ రాయరే! 2, 5, 8, 11, 14. ఆదాయమైనా వ్యయమైనా ఇవే వస్తాయి.”

“అంతకు ముందేడు ఆదాయం 1, వ్యయం 11 అండీ.”

ఆయన చాలాసేపు ఆలోచించారు. “వ్యయం 11 ఉంది. ఆదాయం 1 మాత్రం నేను ఏ రాశికీ చూళ్లేదు. ఎంత చెడ్డ సంవత్సరమైనా 2 రాస్తారు.”

అంటే 2024లో మా జట్టు పంచాంగానికి కూడా అందలేదు. 2025లో వచ్చి కనీస జాతకం సంపాదించుకుంది. టీవీలో కోటు వేసుకుని విశ్లేషించే మహానుభావులు ఎవరూ ఓడమ్ గారి మొదటి సంవత్సరాన్ని ఇంత సానుకూలంగా చెప్పలేకపోయారు.

“రాజపూజ్యం ఎంత?” అన్నారు మామగారు, ఉత్సాహం వచ్చి.

ఇక్కడ నాకూ గొంతు లేచింది. మా జట్టుకి రాజపూజ్యం దండిగా ఉంది. 2018లో దేశంలో రెండో ర్యాంకు ఒహాయో స్టేట్ మా ఊరొచ్చింది. 49-20తో ఓడించి పంపాం. 2021లో రెండో ర్యాంకు అయోవాని వాళ్ల ఊళ్లోనే 24-7తో ఓడించాం. కొన్ని వారాలకి మూడో ర్యాంకు మిషిగన్ స్టేట్ వస్తే 40-29. ర్యాంకుల జాబితాలో మా పేరే లేని రోజుల్లో చేసిన ఘనకార్యాలివి. మరుసటి ఏడు కూటమిలో మా విభాగానికి మేమే విజేతలం. అప్పటి కోచ్ ఆ డిసెంబరులోనే వేరే కాలేజీకి వెళ్లిపోయాడు, అది వేరే సంగతి.

“మరి అంతటివాళ్లు నార్త్‌వెస్టర్న్ చేతిలో సున్నా ఎలా చేశారు?”

జవాబు దొరకలేదు. ఆయనే తీర్పు చెప్పేశారు. “మీవాళ్లకి రాజులంటే లెక్కలేదు బాబూ. బంట్లంటేనే భయం.”

అవమానం గడి దగ్గరకి వచ్చేసరికి 66-7, 66-0, 56-3 వరసగా చదివాను. ఆయన చెయ్యెత్తి ఆపేశారు. “పంచాంగంలో అవమానం 7 దాటడానికి వీల్లేదు. 7 వేసుకుని వదిలెయ్.”

నేను మాత్రం ఓదార్పు కోసం చరిత్ర తిరగేశాను. ప్రెయిరీ వ్యూ అనే టెక్సస్ కాలేజీ 1989 నుంచి 1998 దాకా వరసగా 80 మ్యాచ్‌లు ఓడింది. మా కూటమిలోని నార్త్‌వెస్టర్న్ 1979 నుంచి 1982 దాకా వరసగా 34 ఓడింది. అందులో 1981లో పెద్ద జట్ల వరస ఓటముల రికార్డు బద్దలు కొట్టిన రోజున వాళ్ల విద్యార్థులు మైదానంలోకి దూకి, మాకంటే చెత్త జట్టు లేదని నినాదాలు చేస్తూ, గోల్ స్తంభాలు పీకేశారు. ఓటమిని అంత ఘనంగా ఊరేగించినవాళ్లు 1995 సీజన్‌లో కూటమి ఛాంపియన్లయి రోజ్ బౌల్‌కి వెళ్లారు. ఈ కథ చదివినప్పుడల్లా నాకు కడుపు నిండుతుంది. దూరంగా, ఎప్పుడో, ఎవరికో జరిగిన అద్భుతం అభిమానికి చాలా ఆరోగ్యం.

దగ్గరగా, నిన్ననే, పొరుగువాడికి జరిగిన అద్భుతమే ఆరోగ్యం పాడుచేస్తుంది.

మా పొరుగువాడు ఇండియానా విశ్వవిద్యాలయం. బ్లూమింగ్టన్ ఊరు, మాకు రెండు గంటల దూరం. పెద్ద కాలేజీ ఫుట్‌బాల్ మొత్తంలో చరిత్ర పొడుగునా అందరికంటే ఎక్కువ ఓడిన జట్టని మొన్నమొన్నటిదాకా వాళ్లకి పేరు. మేం ఎన్ని ఓడినా, రాత్రి పడుకునే ముందు వాళ్లని తలుచుకుంటే ప్రశాంతంగా నిద్రపట్టేది. ఏటా ఆఖరి మ్యాచ్ వాళ్లతోనే. గెలిచినవాళ్లకి ట్రోఫీగా ఇచ్చేది ఒక పాత ఓక్ చెక్క చేద. 1925 నుంచీ దాని గొలుసుకి ఏటా గెలిచినవాళ్ల అక్షరం తగిలిస్తున్నారు. మొత్తం అక్షరాలు లెక్కపెడితే ఇప్పటికీ మావే ఎక్కువ. ఇండియానా అభిమానులు మా ఇంటికొస్తే ఈ మాట కాఫీకి ముందే చెప్పేస్తాను.

2023లో వాళ్లు 12లో 3 గెలిచారు. ఆఖరి మ్యాచ్‌లో మేమే 35-31తో ఓడించాం. కోచ్‌ని మార్చుకుని కర్ట్ సిగ్నెట్టి అనే ఆయన్ని తెచ్చుకున్నారు. ఆయన దిగిన రోజుల్లోనే నిండు బాస్కెట్‌బాల్ సభలో మైకు పట్టుకుని పర్డ్యూని ఛీ కొట్టాడు. అదే ఊపులో మిషిగన్‌నీ ఒహాయో స్టేట్‌నీ కూడా ఛీ కొట్టాడు. మమ్మల్ని ఆ ఇద్దరి సరసన నిలబెట్టి తిట్టినవాడు అంతకు ముందు ఎవరూ లేరు. నాకైతే సన్మానంలాగే అనిపించింది. తన సంగతి అడిగిన విలేకరులకి, నేను గెలుస్తాను, కావాలంటే గూగుల్ చేసుకోండి అన్నాడు. అందరూ నవ్వారు. 2024లో 11 గెలిచాడు. 2025లో 16 ఆడి 16 గెలిచాడు. ఆయన క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజాకి ఏటా దేశంలో మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ వచ్చింది. 2026 జనవరిలో ఫైనల్లో మయామీని 27-21తో ఓడించి దేశానికి ఛాంపియన్లయ్యారు. దారిలో మాకిచ్చిన 56-3 వాళ్లకి గుర్తుండి కూడా ఉండదు.

వాళ్లు గెలిచినందుకు నాకు ఏడుపు లేదు. కొంచెం ఉంది. అసలు బాధ వేరు. ఇంతకాలం మాకు నిరాశ పడే హక్కుండేది. మొక్కజొన్న చేల మధ్య ఊరు, ఎముకలు కొరికే చలి, మంచి కుర్రాళ్లందరూ ఫ్లోరిడాకీ టెక్సస్‌కీ పోతారు, మనవల్ల ఏమవుతుంది అని హాయిగా కూర్చునేవాళ్లం. ఇండియానాకీ అవే చేలు, అదే చలి. ఇప్పుడు ఏ వంక చెప్పబోయినా అవతలివాడు ఒకే ముక్క అంటాడు: “ఇండియానాయే గెలిచింది కదా!” దానికి జవాబు లేదు. ఆశ పడటం ఇక మా ఇష్టం కాదు, మా మీద విధించిన డ్యూటీ.

అందుకే ఈ వేసవి మా ఊళ్లో వాతావరణం చెడిపోయింది. పెన్సిల్ మనిషి కాగితం మీద 6 కొట్టేసి 10 రాశాడు. చరిత్ర మనిషి 1967 మానేసి 2027 గురించి మాట్లాడుతున్నాడు. పోర్టల్ పండితుడు, సిగ్నెట్టి తన పాత కాలేజీ నుంచి కుర్రాళ్లని ఎలా తెచ్చుకున్నాడో బ్లాక్‌బోర్డు మీద వేసి చూపిస్తున్నాడు. ఆఖరికి వైరాగి కూడా మొన్న కిరాణా షాపులో పెరుగు డబ్బాల దగ్గర నన్ను ఆపి, “ఏమో, చెప్పలేం” అన్నాడు. వైరాగి నోట ఏమో అన్న మాట వచ్చిందంటే ఊరికి మంచిది కాదు. మెట్లు ఎక్కినకొద్దీ పడే లోతు పెరుగుతుంది. 6 ఆశించి 2 దగ్గర ఆగినవాడు శనివారం ఏడ్చి ఆదివారం బట్టలుతుక్కుంటాడు. 10 ఆశించినవాణ్ణి ఎవరు లేపుతారు?

నేను మాత్రం పాత కొలత వదలదలుచుకోలేదు. మామగారి దగ్గరకే కాగితం తీసుకెళ్లాను.

“ఈ ఏడు 6 రాయమంటారా?”

“2 తర్వాత 5 బాబూ. 6 పంచాంగంలో లేదు. 5 వద్దనుకుంటే 8కి వెళ్లాలి.”

“8 మావల్ల కాదండీ. 5 వస్తే బౌల్ రాదు.”

అలా అన్నాక నాకే గుర్తొచ్చింది, 5కి కూడా ఒక దారి ఉందని. 6 గెలిచిన జట్లు బౌల్స్‌కి సరిపడా దొరక్కపోతే, 5 గెలిచిన జట్లలో ఆటగాళ్ల చదువు లెక్క ఎవరిది మెరుగ్గా ఉంటే వాళ్లని ముందు పిలుస్తారు. 2023లో మా కూటమిలోని మిన్నెసోటా అలాగే 5 గెలుపులతో వెళ్లి, ఆ బౌల్ గెలిచి మరీ వచ్చింది.

మామగారు పడక్కుర్చీలోంచి లేచి నిటారుగా కూర్చున్నారు.

“చదువు చూసి పిలుస్తారా? ఫుట్‌బాల్‌కి?”

“అవునండీ. ఒక రకంగా గ్రేస్ మార్కులు.”

“ఇంత మంచి సదుపాయం పెట్టుకుని, ఇంజినీరింగ్ కాలేజీ అయ్యుండి, మీరు పోర్టల్ వెంట పడ్డారేమిటయ్యా?” అంటూ ఆయన కలం తీసి కాగితం మీద ఆదాయం 5 అని గట్టిగా దిద్దారు. “ఆ అయిదూ గెలిచే పని మీ కోచ్‌ని చూసుకోమను. జట్టులో లెక్కల్లో వెనకబడ్డ పిల్లలెవరున్నారో కనుక్కో. 130 కిలోలున్నా పర్లేదు. సాయంత్రం అయిదింటికి పంపించు. క్యాలిక్యులస్ నేను చూసుకుంటాను.”